పదమూడో గడి

శనివారం పొద్దున అకెంటెన్ వేసుకున్న పథకం చిన్నదే. మేనమామ దపాను కారెక్కించుకుని కుమాసి పట్నం నుంచి అసువొయా అనే ఊరికి వెళ్ళాలి. పొకువా వాళ్ళింటి తలుపు తట్టి, రెండు జిన్ను సీసాలు పెద్దల ముందుంచి, పిల్లనడగాలి. వాళ్ళ నాన్న సీసా మూత తీస్తే పెళ్ళి కుదిరినట్టు. తీయకపోతే వచ్చిన దారినే, వీలైతే పరుగు పెట్టకుండా, తిరిగి రావాలి. మధ్యాహ్నం ఫుఫు ముద్ద తినే వేళకు ఏ సంగతో తేలిపోతుంది.

పథకం చిన్నదే గాని భయం పెద్దది. పొకువా తండ్రి చెరెమె అసువొయా దొరగారి డోళ్ళకు సంరక్షకుడు. ఆ డోళ్ళు తరతరాలుగా ఆ ఇంటి మేనమామల నుంచి మేనల్లుళ్ళకు వస్తున్నాయి. ఆయన తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు కూడా ఎదుటివాడి మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. కిందటేడు వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు సంబంధాన్ని, అబ్బాయి వాకిట్లోంచి కుర్చీ దాకా నడిచిన తీరు చూసి తిప్పి పంపేశాడు. నడకలోనే తాళం లేనివాడికి కాపురంలో ఏం ఉంటుంది అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి అకెంటెన్ తన గదిలో ఒంటరిగా నడక సాధన చేస్తున్నాడు. సాధన చేసిన కొద్దీ కుంటుతున్నట్టు అనిపిస్తోంది.

"నాన్న ఏం చెయ్యరు, భయపడకు," అంది పొకువా ముందు రోజు ఫోన్‌లో. "కాలు మీద కాలు వేసుకోకు. అడిగితేనే మాట్లాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టెయ్, దేనికీ బయటికి తియ్యకు. ఫోన్ అసలు తేనే తేకు."

"ఫోన్ లేకుండా ఎలా? రేపు డ్యూటీ నాదే."

"అయితే మీ మామకివ్వు. ఆయన జేబులో పడ్డది ఏదీ మళ్ళీ బయటికి రాదుగా."

అకెంటెన్ బస్సు టిక్కెట్లు అమ్మే ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. కంపెనీ కంప్యూటర్లు మూడు గదుల్లో ఉంటాయి. ఒక గదిలో ఎనిమిది, ఇంకో గదిలో పన్నెండు, అన్నింటికన్నా పాతవి కింది గదిలో పదమూడు. ఎక్కడ ఏది ఆగిపోయినా డ్యూటీలో ఉన్నవాడి ఫోన్ మోగాలి. కంపెనీ ఇచ్చిన మోత దోమ చెవిలో దూరినట్టుండేది. అది భరించలేక అతను సొంతంగా ఒకటి రాసుకున్నాడు. గదిలో ఎన్ని కంప్యూటర్లుంటే తాళానికి అన్ని గడులు. ఎన్ని ఆగిపోతే అన్ని దెబ్బలు. ఆ దెబ్బల్ని ఆ గడుల్లో వీలైనంత సమంగా పంచి, డోలు గొంతుతో వాయించాలి. అంతే ప్రోగ్రాము. భాగహారం వచ్చినవాడు ఎవడైనా రాసేస్తాడు.

విచిత్రమేమిటంటే, ఎనిమిదింటిలో మూడు ఆగిన రోజున ఫోన్‌లోంచి వాళ్ళ అమ్మమ్మ పిల్లల్ని ఆడిస్తూ తట్టే చప్పట్లు వినిపించాయి. పన్నెండింటిలో ఏడు ఆగిన రోజున పెళ్ళి ఊరేగింపుల్లో ఇనప గంట మీద మోగే వరస వినిపించింది. పన్నెండింటిలో అయిదు ఆగితే పంటల పండగ డాన్సు. ఎవరూ నేర్పకుండానే భాగహారానికి ఇవన్నీ తెలుసు. అకెంటెన్ పొంగిపోయి పొకువాకు చెప్పాడు.

"అంటే మీ కంపెనీ మునిగిపోతుంటే నువ్వు డాన్సు చేస్తావన్నమాట," అంది ఆమె.

కింది గదిలోని పదమూడూ మొండి ఘటాలు. ఒక్కటీ ఎప్పుడూ ఆగలేదు కాబట్టి ఆ గది వరసలు ఎలా ఉంటాయో రాసినవాడికే తెలియదు. అయితే కంపెనీ ప్రాణమంతా అందులోనే ఉంది గనక, అక్కడ ఏదైనా ఆగితే మాత్రం ఫోన్ నోరు నొక్కి ఉన్నా సరే పూర్తి గొంతుతో మోగాలని, ఎవరైనా తీసి ఆపేదాకా ఆగకూడదని రాసిపెట్టాడు. ముందుచూపు గలవాడని ఆఫీసులో అతనికి పేరు.

కాబోయే మామగారికి కానుకగా మోకాలెత్తు స్పీకరు పెట్టె కొన్నాడు. నాన్నకు ఫుట్‌బాల్ వ్యాఖ్యానం గట్టిగా వినడం ఇష్టమని పొకువాయే చెప్పింది. కారు రేడియో చచ్చి చాలా కాలమైంది గనక, దారిలో దపా మామ పూల కాగితం విప్పించి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, అకెంటెన్ ఫోన్‌ను దానికి కలిపించుకుని పాత పాటలు వింటూ వచ్చాడు. ఊరి పొలిమేరలో పాట ఆపి, కాగితం మళ్ళీ చుట్టి, రిబ్బను ముడి వేసి, ఫోన్ తన అంగీ లోపలి జేబులో పడేసుకున్నాడు. పాటైతే ఆగింది. పెట్టె ఆగలేదు. ఆ తేడా దపా మామకు తెలియదు. తెలిసినవాడు అప్పటికే తన అడుగులు లెక్కపెట్టుకునే పనిలో ఉన్నాడు.

వాకిట్లోంచి కుర్చీ దాకా నడిచే గండం గడిచింది. చెరెమె అతని కాళ్ళు చూశాడు, తిప్పి పంపలేదు. భుజం మీదుగా నీలం గుడ్డ చుట్టుకుని, రాతిలో చెక్కినట్టు కూర్చున్నాడు. పక్కన ఆయన చెల్లెలు బిరాగో. ఆ ఇంటికి రావలసిన మాటలన్నీ ఆవిడ వాటాకే వచ్చాయి. పొకువా లోపలి గదిలో ఉంది. పిలిచేదాకా పెళ్ళికూతురు బయటికి రాకూడదు.

దపా మామ లేచి గొంతు సవరించుకున్నాడు. దారిన పోతుంటే ఈ ఇంటి తోటలో ఒక పువ్వు కనిపించిందనీ, అడగకుండా కోయడం మర్యాద కాదు గనక అడగడానికి వచ్చామనీ, అందరూ చెప్పేదే, కాస్త ఎక్కువ సేపు చెప్పాడు.

"రోడ్డు మీద పోయేవాళ్ళకి మా తోట ఎలా కనపడిందయ్యా? గోడెక్కారా?" అంది బిరాగో.

"గోడెక్కే వయసా అమ్మా నాది. వాసన కుమాసి దాకా కొట్టింది."

"మీవాడిది బస్సుల కంపెనీ అన్నారు. డ్రైవరా?"

"కాదమ్మా, కంప్యూటర్లు. కూర్చుని చేసే పని."

"కూర్చుని," అన్నాడు చెరెమె. ఆ పూట ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. అకెంటెన్ వెన్ను మీద చెమట దారి చూసుకుంటూ కిందికి దిగింది.

అయినా దపా మామ హాస్యం పని చేస్తూనే ఉంది. బిరాగో రెండుసార్లు నవ్వింది. కాసేపటికి చెరెమె చెయ్యి మోకాలి మీంచి లేచి, గాలిలో కొంచెం ఆలోచించుకుని, సీసా మీదికి వెళ్ళింది. వేళ్ళు మూత చుట్టూ బిగిశాయి.

అప్పుడు మోగింది.

నిదానంగా, పొట్టలోకి దిగే గొంతుతో, ఒక కాలు పొట్టిదైన ఏనుగు వీధిలో నడిచి వస్తున్నట్టుగా మోగింది. సీసాల పక్కన పెట్టిన కానుక మీద పూల కాగితం కొద్దికొద్దిగా వణుకుతోంది గాని ఎవరూ అటు చూడలేదు. మోత నేలలోంచి, గోడల్లోంచి, అన్ని వైపుల నుంచి వస్తున్నట్టుంది. దపా మామకు హుషారొచ్చి కూర్చున్నచోటే భుజాలు ఎగరెయ్యడం మొదలుపెట్టాడు. చెరెమె మొహం చూశాక, ఒక భుజం పైన, ఒక భుజం కింద ఉండగానే ఆగిపోయాడు.

ఆ మొహం బూడిద రంగుకు తిరిగింది. చెరెమె సీసా వదిలేసి లేచాడు. భుజం మీది గుడ్డ జారింది, పట్టుకోలేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి, తొడుక్కోలేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, వాకిలి దాటి దొరగారి డోళ్ళ కొట్టు వైపు పరుగెత్తాడు.

అన్న పరుగెత్తడం బిరాగో పుట్టి ఎరగదు. వాకిట్లోకి వెళ్ళి ఆయన పోయిన వైపు చూసింది. చెవుల పోగులు తీసి పైట చెంగున ముడేసుకుంది. లోపలికి వెళ్ళి సంతాపపు ఎర్ర గుడ్డ పేలిక ఒకటి తెచ్చి తలకు కట్టుకుంది. నేల మీద చతికిలబడి, సన్నగా రాగం అందుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు దపా మామ.

"నేనేం అనలేదు," అంది బిరాగో ఏడుస్తూనే.

"ఎవరికైనా ఏదైనా..."

"మీరూ ఏం అనకండి."

అకెంటెన్‌కు ఇవేవీ వినపడటం లేదు. అతని వేళ్ళు తమంతట తామే తొడ మీద లెక్కపెడుతున్నాయి. ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బకు మూడు గడులు, తర్వాత రెండు, మళ్ళీ మూడు, రెండు, మూడు. మొత్తం పదమూడు గడులు, అయిదు దెబ్బలు. కింది గది. మొదట కంపెనీ మునిగిందని భయం వేసింది. ఆ వెంటనే, ఈ మోత తన ఫోన్‌దేనని తెలిసి అంతకన్నా పెద్ద భయం వేసింది.

"మామా, ఫోన్."

"పెద్దల ముందు ఫోనేమిట్రా?"

"పెద్దలు లేరు మామా. పరుగెత్తారు."

దపా మామ లోపలి జేబులోంచి ముందు కళ్ళజోడు తీశాడు. తర్వాత దువ్వెన. తర్వాత సగం తిన్న అరటికాయ చిప్సు పొట్లం. ఆఖరికి ఫోన్ బయటపడగానే అకెంటెన్ ఎడమ చేత్తోనే లాక్కుని నొక్కాడు. మోత ఆగింది.

మోత కన్నా దారుణమైనది అప్పుడు మొదలైంది. మధ్యాహ్నం వేళ అసువొయాలో ఇంటింటా రోకళ్ళు ఫుఫు దంపుతుంటాయి. ఎవరి గుండె చప్పుడు వాళ్ళు విననట్టే ఆ చప్పుడు ఎవరూ వినరు. ఇప్పుడు పక్కింటి రోకలి ఆగింది. దాని పక్కింటిది ఆగింది. వీధి చివరిది ఆగింది. తర్వాత అవతలి వీధి. ఊరు మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది.

లోపలి గదిలోంచి పొకువా పిలవకుండానే బయటికి వచ్చింది. అత్త తలకున్న ఎర్ర గుడ్డ చూసింది, తండ్రి చెప్పులు చూసింది, అకెంటెన్ ఎడమ చేతిలోని ఫోన్ చూసింది. అతని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళి, గుసగుసగా సంగతి చెప్పింది. దొరగారి డోళ్ళ కొట్టులో గోడవైపు తిప్పిపెట్టిన ఒక పెద్ద డోలుంది. దాని మీద ఒకే ఒక్క వరస వాయిస్తారు, అది ఒకే ఒక్క కబురు చెబుతుంది. దొరలు మారినప్పుడు తప్ప అది మోగదు. కిందటిసారి మోగేటప్పటికి నాన్న మీసాలు నల్లగా ఉన్నాయి, వాయించింది నాన్న కాదు, నాన్న మేనమామ. ఇప్పుడా వరస తెలిసినవాడు నాన్న ఒక్కడే. దొర బతికుండగా అది మోగిందంటే, దొర చావు కోరుకున్నట్టు లెక్క. డోళ్ళు ఆ ఇంటి నుంచి తీసేస్తారు.

"ఆ డోళ్ళే నాన్న ప్రాణం," అంది.

"చెప్తే మీ నాన్న నన్ను చంపేస్తారు."

"చెప్పకపోతే నేను చంపుతాను. ఎవరి చేతిలో పోతావో నువ్వే చూసుకో."

ఈలోగా ఊరు తన పని తాను చేసుకుపోతోంది. దొరగారింటి నుంచి కబురొచ్చేదాకా ఆ మాట ఎవరూ నోటితో అనకూడదు. అనకూడదు గనక అడగకూడదు. అడగకూడదు గనక కాదని చెప్పేవాడు లేడు. డోళ్ళ చెరెమె చెప్పులు లేకుండా, గుడ్డ జారిపోతూ, నెత్తిన చేతులు పెట్టుకుని పరుగెత్తడం సంత మొత్తం చూసింది. అంతకన్నా ఎవరికేం చెప్పాలి? చేపల వేపుడు అమ్మే ఆవిడ పొయ్యిలో నీళ్ళు పోసింది. దుకాణాల తలుపులు పడ్డాయి. కుమాసి వెళ్ళాల్సిన టాక్సీవాడు ఎక్కినవాళ్ళను దింపేసి అద్దానికి ఎర్ర గుడ్డ కట్టాడు. ఎందుకని ఒక పరదేశి అడిగితే, "ఎండగా ఉందిగా," అన్నాడు.

అన్నింటికన్నా కష్టం మంగలిది. ఆ సమయానికి అతను దొరగారింటి లోపలి వసారాలో, ఊరంతా నానా అని పిలిచే సాక్షాత్తూ సార్ఫో దొరగారి తల గొరుగుతున్నాడు. సగం అయింది. బయట ఏడుపులు మొదలయ్యాయి. మంగలి కత్తి కింద పెట్టి చెవి ఒగ్గాడు. దొర తల తన చేతుల్లోనే వెచ్చగా ఉంది, కిందటి వారం ఫుట్‌బాల్ ఆటలో తనవాళ్ళు ఎలా ఓడిపోయారో ఆ తల చెబుతూనే ఉంది. అయినా ఊరికి తనకన్నా ఎక్కువ తెలిసి ఉంటుందనిపించి, పొది సర్దుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సగం తలతో నానా సార్ఫో బయటికి వచ్చి చూసేసరికి, గుమ్మం ముందు నలుపూ ఎరుపూ కట్టుకున్న ఆడవాళ్ళు నిండిపోయి ఉన్నారు. దొరను చూడగానే అందరూ వంగి నమస్కారం చేశారు. ఏడుపు మధ్యలో ఆపడం మర్యాద కాదు గనక, నమస్కారం చేశాక మళ్ళీ కొనసాగించారు.

ఇంకాసేపటికి చెరెమె ఇంటికి పిలుపు వచ్చింది. అందరూ రావాలి, వచ్చిన చుట్టాలతో సహా.

దొరగారి సభలో దొరతో ఎవరూ నేరుగా మాట్లాడరు. బంగారు పిడి కర్ర పట్టుకుని పక్కన నిలబడే ఒచామె అనే మధ్యవర్తికి చెబితే, ఆయన దొరకు చెబుతాడు. చెరెమె అప్పటికే అక్కడ ఉన్నాడు. భుజం మీది గుడ్డ నడుముకు దించి, వట్టి కాళ్ళతో నేల మీద కూర్చున్నాడు. డోలు ముట్టుకున్నదెవరని అడిగితే, ఎవరూ ముట్టుకోలేదనీ, దాని మీద దుమ్ము దుమ్ములాగే ఉందనీ చెప్పాడు. మరెందుకు పరుగెత్తావని అడిగితే తల దించుకున్నాడు. పెద్దలు మీసాలు సవరించుకున్నారు. డోళ్ళు ఇంకో ఇంటికి మార్చాలేమో అని ఒకాయన దగ్గాడు.

అకెంటెన్ లేచాడు. మధ్యలో మాట ఆపితే మళ్ళీ ధైర్యం రాదని ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేశాడు. బస్సు కంపెనీ, కింది గది, పదమూడు కంప్యూటర్లు, దెబ్బల్ని గడుల్లో సమంగా పంచే ప్రోగ్రాము, నోరు నొక్కినా మోగే ఏర్పాటు, ఫోన్‌కూ పెట్టెకూ తెగని సంబంధం. దెబ్బలు ఎన్నైనా, గడులు ఎన్నైనా ఒకటే సూత్రం పని చేస్తుందని కూడా చెప్పాడు, ఎవరూ అడగకపోయినా.

ఒచామె అంతా విని, దొర వైపు తిరిగాడు. "పెట్టె మోగిందట."

"ఎవరి పెట్టె?" అన్నాడు దొర.

"పిల్లనడగడానికి వచ్చినవాడి పెట్టె."

సభలో సగం మంది అకెంటెన్‌ను జాలిగా చూశారు. తక్కిన సగం మంది చెరెమెను చూశారు. చెరెమె మాత్రం తల పైకెత్తి, జీవితంలో మొదటిసారి, అకెంటెన్ కాళ్ళు వదిలేసి మొహం చూశాడు. ఆ చూపు ఏమిటో అకెంటెన్‌కు అర్థం కాలేదు. కోపమైతే బాగుండుననిపించింది.

దగ్గిన పెద్దాయన లేచాడు. పెట్టె మోగితే మోగింది, కాని ఏ వరస మోగిందో అదే ముఖ్యం అన్నాడు. అది గనక ఆ వరసే అయితే, డోలు వాయించిందా పెట్టె వాయించిందా అన్నది కాదు, నేరం నేరమే. కనక, ఎవరు విన్నారో వాళ్ళు చెప్పాలి.

దపా మామను లేపారు. "విన్నాను నానా," అన్నాడాయన. "నేనైతే డాన్సనుకున్నాను. కొంచెం కుంటి డాన్సు."

బిరాగోను అడిగారు. తనకు వరసలు తెలియవనీ, తాను అన్న పరుగు చూసి ఏడ్చాననీ అంది. సంతలోవాళ్ళు బిరాగో ఏడుపు విని ఏడ్చారు. గుమ్మం ముందు ఆడవాళ్ళు సంతవాళ్ళను చూసి ఏడ్చారు. మంగలిని పిలిపించారు.

"నా తల నీ చేతుల్లోనే ఉందిగా," అన్నాడు దొర, ఒచామెను మరిచిపోయి. "నేను బతికున్నానా లేదా?"

"ఉన్నారు నానా. కానీ ఊరంతా ఏడుస్తుంటే నేనొక్కణ్ణే ఉన్నారంటే బాగోదనిపించింది."

దొర గొరిగిన సగం తల తడుముకుని, పెద్దాయన వైపు చూసి, నువ్వు చెప్పు అది ఆ వరసేనా అన్నాడు. పెద్దాయన నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ వరస తెలుసని చెబితే, తెలియకూడనిది ఎలా తెలిసిందని అడుగుతారు. తెలియదని చెబితే, ఇంతసేపూ ఎందుకు దగ్గావని అడుగుతారు. ఆయన కూర్చున్నాడు. సభలో ఇంకెవరికీ ఏ వరసా తెలియదని తేలిపోయింది.

మిగిలింది చెరెమె. అవునంటే దొర మొహం మీదే దొర చావు మాట అన్నట్టు. కాదంటే, మరి ఆ పరుగేమిటి? పొకువా అతని అంగీ అంచు పట్టుకుంది.

"చీమలు నానా," అన్నాడు చెరెమె.

"ఏమిటి?"

"ఎర్ర చీమలు. గుడ్డలో దూరాయి. అందుకని పరుగెత్తాను."

నానా సార్ఫో చాలాసేపు చెరెమెను చూశాడు. దొర తెలివితక్కువవాడు కాదు. తెలివైనవాడు గనకనే ఆ మాట ఇంకోసారి అడగలేదు. ఒచామె చెవిలో ఏదో చెప్పాడు. ఒచామె కర్ర నేలకు తాటించి తీర్పు చెప్పాడు. చీమల వల్ల ఊరు ఇంత ఇబ్బంది పడింది గనక, చీమల తరఫున చెరెమె ఒక గొర్రె ఇచ్చుకోవాలి. పెట్టె గలవాడు పెట్టె నోరు మూయించాలి. మంగలి మిగిలిన సగం పూర్తి చెయ్యాలి.

డోళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందరూ లేచారు. చెరెమె ఏడుపు లేని, కోపం లేని గొంతుతో, "నువ్వు నాతో రా," అన్నాడు అకెంటెన్‌తో. దపా మామ లేవబోతే, "వాడొక్కడే," అన్నాడు.

డోళ్ళ కొట్టులో పగటి వేళే చీకటిగా ఉంది. చెరెమె లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. గోడవైపు తిప్పిన పెద్ద డోలు వాళ్ళిద్దరికీ వీపు చూపిస్తోంది. అకెంటెన్ మనసులో పొకువాకు వీడ్కోలు చెప్పుకున్నాడు.

"ఆ పెట్టెకి ఎవరు నేర్పారు?" అన్నాడు చెరెమె.

"ఎవరూ నేర్పలేదు అయ్యగారూ."

"అబద్ధం చెప్పకు. నాకు మా మేనమామ ఒక్కటంటే ఒక్కసారి, నా అరచేతి మీద వేలితో కొట్టి చూపించాడు. రెండోసారి చూపించకూడదు. సాధన చెయ్యకూడదు. నోటితో అనుకోకూడదు. ఆయన పోయాక అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇవాళ నా ఇంట్లో, పూల కాగితం చుట్టిన పెట్టెకి తెలుసు. ఊళ్ళో నాకన్నా తెలిసినవాడు ఎవడో వచ్చాడనుకుని పరుగెత్తాను."

"ఆ పెట్టెకి పంచడం ఒక్కటే తెలుసండి. వరస తెలియదు."

"ఏం పంచడం?"

అకెంటెన్ చుట్టూ చూశాడు. పంచి చూపించడానికి ఏమీ దొరకలేదు. చెరెమె గుడ్డ కొంగు ముడి విప్పి వేరుశెనగ గింజలు ఇచ్చాడు. అకెంటెన్ నేల మీద వేలితో పదమూడు గడులు గీశాడు. అయిదు గింజలు తీసుకుని, అన్నదమ్ముల మధ్య పొలం పంచినట్టు, ఎవరికీ అన్యాయం జరగకుండా పంచాడు. ఒక గింజ, రెండు ఖాళీలు. ఒక గింజ, ఒక ఖాళీ. ఒక గింజ, రెండు ఖాళీలు. ఒక గింజ, ఒక ఖాళీ. చివరి గింజ పెట్టేసరికి చెరెమె మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"దీని తర్వాత?" అన్నాడు. "దీని తర్వాత ఖాళీలెన్ని?"

"రెండు."

"ఒకటి కాదా?"

"ఒకటైతే పన్నెండు గడులే అవుతాయండి. అప్పుడది..." అకెంటెన్ ఆగాడు. "అప్పుడది పంటల పండగ డాన్సు."

చెరెమె కళ్ళు మూసుకున్నాడు. ఊరంతా భయపడే మనిషి, పిల్లనడగడానికి వచ్చినవాడి ముందు, నేల మీద, చిన్నపిల్లవాడిలా ఊపిరి వదిలాడు. చివర ఒక ఖాళీయో రెండో, ఏళ్ళుగా తనకు గుర్తు లేదన్నాడు. అడగడానికి ఎవరూ లేరు. కొట్టి చూసుకోకూడదు. దొర దగ్గితే తనకు జ్వరం వచ్చేదట. దొర ఒక పూట అన్నం తినకపోతే తను రెండు పూటలు తినేవాడు కాదట. పెద్దల మధ్య, ఊరి మధ్య, దొరగారిని డాన్సు వాయించి సాగనంపిన చెరెమె అని మనవలు కూడా చెప్పుకుంటారని నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడట. ఇవాళ పెట్టె మోగినప్పుడు ఆయన విన్నది ఆ ఒక్క చోటు. ఆ పదమూడో గడి.

"కుంటుతుంది చూశావా చివర," అన్నాడు మెల్లిగా. "అదే. అదే మా మామ వేలు."

నేల మీది గింజల్ని ఇంకోసారి చూసుకున్నాడు. ఇంక కొట్టి చూసుకునే పని లేదు. పదమూడు గడుల్లో అయిదు గింజలు సమంగా పంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడిగితే వేరుశెనగలు ఏరుకుంటున్నానని చెప్పవచ్చు. అరచేత్తో గీతలు చెరిపేసి, గింజలు ఏరి మూడు తన నోట్లో వేసుకున్నాడు, రెండు అకెంటెన్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ నమిలి మింగారు. సాక్ష్యం ఏమీ మిగల్లేదు.

"నువ్వు చేసే పని కూర్చునే చేస్తావా?" అన్నాడు చెరెమె గడియ తీస్తూ.

"అవునండి."

"మంచిదే. నేనూ ఇంతకాలం కూర్చునే ఉన్నాను."

ఇంటికి వచ్చేసరికి రోకళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. గొర్రె సంగతి దపా మామ తన నెత్తిన వేసుకున్నాడు. బిరాగో ఎర్ర గుడ్డ విప్పి, చెవుల పోగులు పెట్టుకుని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మాటలు అందుకుంది. పొకువాను ఈసారి పద్ధతి ప్రకారం పిలిచారు. ఈ మనుషులు తెచ్చిన సీసా మూత తీయమంటావా, తాగమంటావా అని చెరెమె కూతుర్ని అడిగాడు.

"తాగండి నాన్నా. కానీ ముందు ఆ పెట్టె ఆపండి."

పెట్టె ఆపారు. మూత తీశారు. పోయినవాళ్ళ కోసం మొదటి చుక్క నేలకు వదిలేటప్పుడు చెరెమె తన మేనమామ పేరు గొణిగాడు. దాని తర్వాత ఫోన్‌లో ఆఫీసు నుంచి సందేశం వచ్చింది. కింది గది తుడిచే మనిషి చీపురుకు అడ్డం వస్తున్నాయని అయిదు ప్లగ్గులు పీకి, పని అయ్యాక మళ్ళీ పెట్టేశాడనీ, కంగారేమీ లేదనీ.

పెళ్ళయింది. కింది గది మోతను అకెంటెన్ కోడికూతకు మార్చేశాడు. ఇప్పటికీ చెరెమె ఫోన్ చేస్తే కూతురు ఎలా ఉందని తర్వాత అడుగుతాడు, ముందు ఆ పదమూడూ కులాసాయేనా అని అడుగుతాడు.